ఆటలో ఆస్మాన్, ఆస్మాన్‌లో మన పేర్లు

2023 సెప్టెంబర్ 6న ‘స్టార్‌ఫీల్డ్’ అనే వీడియో గేమ్ విడుదలైంది. వెయ్యికి పైగా గ్రహాలున్న ఆట అది. మా అన్న కొడుకు కంప్యూటర్ మీద, నాకు నైట్ డ్యూటీ లేని రాత్రుల్లో, ఇప్పటికి ముప్పై గంటలు ఆడాను. ఆ వెయ్యిలో ఇరవై గ్రహాలు కూడా చూడలేదు. కానీ ఈ ఆటలో నన్ను ఆపింది గ్రహాల లెక్క కాదు. ఓడలో కూర్చుని నక్షత్రాల పటం తెరిస్తే అక్కడ కనిపించిన పేర్లు: ఆల్టెయిర్, డెనెబోలా, రసల్‌హేగ్, మఫ్రిడ్, టోలిమాన్.

ఆట అమెరికా వాళ్లది. మేరీల్యాండ్ రాష్ట్రంలోని బెథెస్డా అనే కంపెనీ తయారు చేసింది. అయినా మస్జిద్ మక్తబ్‌లో నాలుగు అరబీ మాటలు నేర్చుకున్న పిల్లాడెవడైనా ఆ పేర్లను కాస్త నెమ్మదిగా పలికి చూస్తే, లోపల తెలిసిన మాటలు వినపడతాయి. ఆ మాటలు అక్కడికి ఎలా చేరాయి? ఎవరి చేతుల మీదుగా వెళ్లాయి? ఉర్దూలో ‘తారీఖ్’ అంటే తేదీ, చరిత్ర కూడా. ఇవాళ చెప్పబోయేది ఆ పేర్ల తారీఖ్.

ముందు ఆట సంగతి

ఇంట్లో పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చుని చూసిన అమ్మీ అబ్బాలకు కూడా అర్థం కావాలి కనుక రెండు మాటల్లో చెప్తాను. సంవత్సరం 2330. మనుషులు భూమిని వదిలి చుట్టుపక్కల నక్షత్రాల దగ్గర స్థిరపడ్డారు. మీరు ఒక గని కార్మికుడు. తవ్వుతూ తవ్వుతూ ఒక వింత లోహపు ముక్కను తాకుతారు, కళ్ల ముందు ఏవో దృశ్యాలు తిరుగుతాయి. అక్కడి నుంచి ‘కాన్‌స్టెలేషన్’ అనే అన్వేషకుల బృందంలో చేరి అలాంటి ముక్కల కోసం ఆస్మాన్ అంతా గాలిస్తారు. మిగతా కథ చెప్పి మజా పాడు చేయను.

షహర్లు బాగా కట్టారు. ఆల్ఫా సెంటారి దగ్గర జెమిసన్ అనే గ్రహం మీద న్యూ అట్లాంటిస్ ఉంది. తెల్లటి మేడలు, చెట్లు, కింద పేదల బస్తీ. అంగారకుడి మీద సిడోనియా అనే గని పట్టణం. దుమ్ము, ఇరుకు గదులు, జీతాలు చాలవని గొణిగే మనుషులు. సింగరేణి క్వార్టర్లలో పెరిగినవాళ్లకి ఆ చోటు పరాయిగా అనిపించదు.

అసలు సంగతి ఆ షహర్లు దాటాక మొదలవుతుంది. ఏదో ఒక గ్రహం ఎంచుకుని దిగుతాం. రాళ్లు, మట్టి, దూరంగా కొండ. పది నిమిషాలు నడిస్తే ఒక పాడుబడ్డ ప్రయోగశాల, లోపల దొంగలు. ఇంకో గ్రహం మీద దిగితే మళ్లీ రాళ్లు, మళ్లీ అచ్చం అదే ప్రయోగశాల, గదిలో కుర్చీ కూడా అదే మూల. నేల చాలావరకు లెక్కల సూత్రంతో కంప్యూటరే పరుస్తుంది. మనుషులు చేత్తో తయారు చేసిన కట్టడాలను దాని మీద అక్కడక్కడ పెడుతుంది. అందుకే గ్రహాలు వెయ్యి ఉన్నా చూసినవి గుర్తుండవు. ఆటగాళ్లు ఇదే ఫిర్యాదు చేస్తున్నారు: ఖాళీ, విసుగు.

కంపెనీ వాళ్ల జవాబు ఇంకోలా ఉంది. చంద్రుడి మీదకి వెళ్లిన వ్యోమగాములకి అక్కడ ఏమీ దొరకలేదు కదా, వాళ్లకేం విసుగు రాలేదు కదా అని. మాట బాగుంది. కానీ పూర్తి మాట కాదు. ఆ వ్యోమగాములు ఏళ్ల తరబడి చదివి వెళ్లారు. ఏ రాయిని ఎలా చూడాలో వాళ్లకి నేర్పిన ఉస్తాదుల్లో ఫారూఖ్ అల్-బాజ్ అనే ఈజిప్టు భూగర్భ శాస్త్రవేత్త ఒకరు. ఇక దారి సంగతి. అపోలో ఓడలో సెక్స్‌టెంట్ అనే కొలిచే పరికరం ఉండేది. దాంతో ఒక తెలిసిన నక్షత్రాన్ని గురి చూసి, కంప్యూటర్‌లో దాని సంఖ్య నొక్కితే ఓడ ఎటు తిరిగి ఉందో తేలేది. ఆ పట్టికలో 37 నక్షత్రాలున్నాయి. వాటిలో ఆల్టెయిర్, డెనెబోలా, రసల్‌హేగ్, అల్డెబరాన్, వేగా, రైజెల్, ఫోమల్‌హాట్ ఉన్నాయి. సగానికి పైగా పేర్లు అరబీ నుంచి వచ్చినవే.

అంటే చంద్రుడి దాకా వెళ్లినవాళ్లు కూడా తెలిసిన పేర్లను పట్టుకునే వెళ్లారు. ఖాళీలో దారి చూపించింది ఆ పేర్లే.

లెక్కతో పుట్టిన దునియా

ఇంత పెద్ద ఆస్మాన్‌ని ఆటలో పెట్టడం ఇవాళ కొత్తగా మొదలైన పని కాదు. 1984లో బ్రిటన్‌లో కేంబ్రిడ్జి విద్యార్థులు ఇద్దరు, డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్, ‘ఎలీట్’ అనే ఆట రాశారు. అప్పటి బీబీసీ మైక్రో కంప్యూటర్ మొత్తం మెమరీ 32 కిలోబైట్లు. పొద్దున్నే మీ వాట్సాప్‌కి వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో ఒక్కటే అంతకంటే పెద్దది. అంత చిన్న చోట వాళ్లు ఎనిమిది గెలాక్సీలు, ఒక్కో దాంట్లో 256 గ్రహాలు పెట్టారు. ఎలాగంటే గ్రహాలను దాచలేదు, గ్రహాలను పుట్టించే సూత్రాన్ని దాచారు. ఒక సంఖ్య ఇస్తే ఆ సూత్రం దాని నుంచి ఇంకో సంఖ్య, దాని నుంచి గ్రహం జాగా, పాలన, వ్యాపారం, చివరికి పేరు కూడా తయారు చేస్తుంది. అక్షరాల జంటలు కలిపితే లేవ్, డీసో, లీస్టీ లాంటి పేర్లు పుట్టాయి. చెవికి పేర్లే. అర్థం మాత్రం ఏమీ లేదు.

2016లో వచ్చిన ‘నో మ్యాన్స్ స్కై’ ఈ దారిలో చివరిదాకా వెళ్లింది. అందులో గ్రహాల సంఖ్య 18,446,744,073,709,551,616. ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టి, దాన్ని మళ్లీ పద్దెనిమిదితో హెచ్చవేస్తే ఎంతో సుమారుగా అంత. ఆ గ్రహాలకి పేర్లను యంత్రమే పెడుతుంది. అయితే ముందుగా అడుగుపెట్టిన ఆటగాడు కావాలంటే తనకి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. అది చిన్న సౌకర్యంగా కనిపిస్తుంది కానీ ఆట తయారు చేసినవాళ్లకి ఒక హఖీఖత్ తెలిసినట్టే ఉంది. మనిషి పేరు పెట్టనంతవరకు ఏ చోటూ ఎవరిదీ కాదు.

ఇలాంటి సూత్రాన్ని అల్గారిథమ్ అంటారు. ఆ మాటే ఒక మనిషి పేరు. ముహమ్మద్ బిన్ మూసా అల్-ఖ్వారిజ్మీ తొమ్మిదో శతాబ్దం మొదట్లో, ఖలీఫా మామూన్ కాలంలో, బగ్దాద్‌లో పనిచేసిన లెక్కల పండితుడు. ఆయన పుస్తకాలు పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లినప్పుడు ఆయన పేరు ‘అల్గోరిజ్మి’ అయింది. ముందు కొత్త అంకెలతో లెక్క చేసే పద్ధతికి ఆ పేరు వచ్చింది. తర్వాత తర్వాత మెట్టు మెట్టుగా చేసే ఏ లెక్కకైనా అదే పేరు నిలిచింది. ఆయన వివరించిన ఆ ‘కొత్త అంకెలు’ ఎక్కడివో కూడా చెప్పాలి. అవి హిందుస్తాన్‌వి. సున్నాతో సహా. ఆయన తయారు చేసిన గ్రహాల పట్టిక పేరు ‘జీజ్ అల్-సింద్‌హింద్’. మన దేశపు సిద్ధాంత గ్రంథాలు ఎనిమిదో శతాబ్దంలో బగ్దాద్ చేరాయి. ‘సింద్‌హింద్’ అనే మాట ఆ ‘సిద్ధాంత’కి అరబీ రూపం.

ఈ దేశం నుంచి అంకెలు వెళ్లాయి, బగ్దాద్‌లో పుస్తకమయ్యాయి, స్పెయిన్ మీదుగా యూరప్ చేరాయి, చివరికి కంప్యూటర్ అయి మళ్లీ మన పిల్లల బల్ల మీదకి వచ్చాయి. ఈ సఫర్‌లో ఏ ఒక్క ఊరునీ తీసేయలేం.

పేర్ల సఫర్

ఇక నక్షత్రాల పేర్లు. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టోలెమీ అనే యునానీ పండితుడు వెయ్యికి పైగా నక్షత్రాలను 48 మండలాలుగా పేర్చి ఒక పెద్ద పుస్తకం రాశాడు. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్ దాన్ని అరబీలోకి తెచ్చుకుంది, ఒకసారి కాదు, పలుమార్లు. ఆ పనిలో ముస్లింలతో పాటు క్రైస్తవుడైన ఇస్‌హాఖ్ బిన్ హునైన్ ఉన్నాడు, హర్రాన్‌కి చెందిన సాబియన్ సాబిత్ బిన్ ఖుర్రా ఉన్నాడు. అరబీలో ఆ పుస్తకానికి ‘అల్-మజిస్తీ’ అనే పేరు వచ్చింది. యూరప్ ఆ పేరునే తీసుకుని ‘ఆల్మజెస్ట్’ అంది. ఈ ఆటలో ఒలింపస్ అనే నక్షత్రం దగ్గర తిరిగే ఒక పాడుబడ్డ జూదపు ఓడ ఉంది. దాని పేరు ఆల్మజెస్ట్. ఆస్మాన్ మీద రాసిన అంత పెద్ద కితాబ్ పేరు చివరికి జూదపు అడ్డాకి తగిలింది. ఆ ఓడలో తేలుతూ తుపాకీ పేల్చే పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుస్తుంది?

పదో శతాబ్దంలో అబ్దుర్రహ్మాన్ అల్-సూఫీ వచ్చాడు. రయ్‌లో పుట్టి, ఇస్ఫహాన్‌లో బువైహీ పాలకుడు అజుదుద్దౌలా దర్బారులో పనిచేశాడు. 964 ప్రాంతంలో ఆయన రాసిన పుస్తకం పేరు ‘సువర్ అల్-కవాకిబ్ అల్-సాబితా’, స్థిర నక్షత్రాల చిత్రాలు. ఒక్కో మండలానికి రెండేసి బొమ్మలు వేశాడు. ఒకటి నేల మీద నిలబడి తల ఎత్తితే కనిపించేది, రెండోది గోళం మీద చెక్కితే ఎలా ఉంటుందో అది. ఈ రెండూ అద్దంలో బొమ్మల్లా తారుమారుగా ఉంటాయి. శిష్యుడు తికమక పడకూడదని ఆ జాగ్రత్త.

అల్-సూఫీ గొప్ప ఎక్కడుందో సరిగ్గా చెప్పుకోవాలి. నక్షత్రాల స్థానాలు ఆయన అన్నీ కొత్తగా కొలవలేదు. టోలెమీ లెక్కకి, గడిచిన శతాబ్దాల్లో ఆకాశం జరిగినంత కలిపి రాశాడు. కానీ ఏ నక్షత్రం ఎంత వెలుగుతో ఉందో ఆయన తన కళ్లతో చూసి, టోలెమీ తప్పు రాసిన చోట తప్పు అని చెప్పాడు. యునానీ మండలాల పక్కన ఎడారిలో అరబ్బులు తరతరాలుగా పిలుచుకున్న పేర్లు కూడా రాసి పెట్టాడు. ఆండ్రోమెడా మండలంలో ఒక చిన్న మబ్బు మచ్చ ఉందని రాశాడు. అది మన పాలపుంతకి బయట ఉన్న మరో గెలాక్సీ అని తేలడానికి ఇంకో వెయ్యేళ్లు పట్టింది.

ఇప్పుడు ఆటలో పేర్లని విప్పి చూద్దాం. ఆల్టెయిర్ అంటే ‘అన్-నస్ర్ అత్-తాయిర్’, ఎగిరే గద్ద. మన ఉర్దూలో విమానాన్ని తయ్యారా అంటామే, ఆ మాటా ఈ తాయిరూ ఒకే వేరు నుంచి వచ్చాయి. దానికి ఆకాశంలో జోడీగా ఉండేది వేగా, ‘అన్-నస్ర్ అల్-వాఖిఅ’, రెక్కలు ముడిచి కిందికి వాలే గద్ద. వాఖిఅ అంటే పడేది. మన మీద వచ్చి పడేదాన్నే మనం వాఖియా అంటాం. డెనెబోలా అంటే ‘జనబ్ అల్-అసద్’, సింహం తోక. అసద్ పేరున్న అబ్బాయి లేని మొహల్లా ఉంటుందా? రసల్‌హేగ్‌లో ‘రఅస్’ అంటే తల, మన రయీస్ పుట్టింది అందులోంచే. పూర్తి పేరుకి అర్థం పాములవాడి తల. మఫ్రిడ్‌లో ఉన్నది ఫర్ద్, మున్‌ఫరిద్ అనే మాటల వేరు. ఒంటరి నక్షత్రం. టోలిమాన్ మాత్రం అచ్చంగా ఎడారిది. ‘అజ్-జుల్మాన్’, ఉష్ట్రపక్షులు. ఆటలో టోలిమాన్ దగ్గర నాశనమైన ఒక నగరం ఉంది, దాన్ని చూసినప్పుడు నాకు ఆ పక్షులే గుర్తొచ్చాయి.

ఖయ్యాం పేరుతో కూడా ఆటలో ఒక నక్షత్రం ఉంది. అది నిజమైన ఆకాశపు పేరు కాదు, ఆట రాసినవాళ్లు పెట్టింది. ఉమర్ ఖయ్యాం అనగానే రుబాయీలూ మధుపాత్రా గుర్తొస్తాయి. ఆయన ఉద్యోగం మాత్రం ఆకాశాన్ని లెక్కగట్టడం. సుల్తాన్ మలిక్‌షా కోసం ఇస్ఫహాన్‌లో పనిచేసిన పండితుల్లో ఆయన ఉన్నాడు, 1079లో అమల్లోకి వచ్చిన జలాలీ పంచాంగం వాళ్ల మెహనత్.

ఈ పేర్లు యూరప్ చేరిన దారి టోలెడో. స్పెయిన్‌లోని ఆ ఊళ్లో 1175లో క్రెమోనాకి చెందిన గెరార్డ్ అల్-మజిస్తీని అరబీ నుంచి లాటిన్‌లోకి మార్చాడు. అస్త్రలాబ్ అనే ఇత్తడి పరికరం మీద చెక్కిన నక్షత్రాల పేర్లు కూడా అలాగే వెళ్లాయి. దారిలో పేర్లు నలిగాయి. అన్నిటికంటే మంచి ఖిస్సా మన ఆర్ద్ర నక్షత్రానిది. అరబీలో ‘యద్ అల్-జౌజా’, జౌజా చెయ్యి. ‘యే’ అక్షరం కింద రెండు చుక్కలుంటాయి, ‘బే’ కింద ఒకటి. ఎవరో రాసేటప్పుడు ఒక చుక్క జారింది, యద్ కాస్తా బద్ అయింది, అక్కడి నుంచి బెటెల్‌జూస్. ఒక్క నుఖ్తా పోతే ఖుదా జుదా అవుతాడని మన ఉస్తాదులు కర్ర పట్టుకుని చెప్పేవాళ్లు. సూర్యుడి కంటే కొన్ని వందల రెట్లు పెద్ద నక్షత్రం పేరు కూడా ఒక్క నుఖ్తా దగ్గరే మారిపోయింది.

2016లో అంతర్జాతీయ ఖగోళ సంఘం నక్షత్రాల పేర్లని ఖాయం చేయడానికి ఒక బృందాన్ని పెట్టింది. నేను పైన చెప్పిన అరబీ పేర్లన్నీ నలిగిన రూపంలోనే ఆ అధికారిక జాబితాలో ఉన్నాయి.

మన ఇళ్లలో ఉన్న సితారాలు

నేను చదివింది ఉర్దూ మీడియం. సైన్స్ పుస్తకంలో గ్రహాల్ని ఉతారిద్, జొహ్రా, మిర్రీఖ్, ముష్తరీ, జుహల్ అని చదువుకున్నాను. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుంటే అవే బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని అయి ఎదురొచ్చాయి. రెండు భాషలున్న ఇంట్లో ఒకే ఆస్మాన్‌కి రెండు సెట్ల పేర్లుంటాయి. మనలో చాలామంది రెండింటినీ వాడతాం, రెండూ ఒకటేనని ఆలోచించం.

సురయ్యా అనే పేరున్న ఖాలానో, ఫుప్పీనో మీ ఖాందాన్‌లో ఉండే ఉంటుంది. సురయ్యా అంటే గుత్తిగా మెరిసే చిన్న నక్షత్రాల సమూహం, తెలుగులో కృత్తిక. సురయ్యా వెనకే ఆకాశంలో ఒక ఎర్రని నక్షత్రం వస్తుంది. అరబ్బులు దాన్ని ‘అద్-దబరాన్’, వెంట వచ్చేది అన్నారు. ఇంగ్లిష్‌లో అల్డెబరాన్. తెలుగువాళ్లకి అది రోహిణి. రోళ్లు పగిలే ఎండ అని రైతులు భయపడే రోహిణి కార్తె ఆ నక్షత్రం పేరు మీదిదే. ఆల్టెయిర్ మనకి శ్రవణం, వేగా అభిజిత్తు, డెనెబోలా ఉత్తర. సుహేల్ అంటే దక్షిణాన మెరిసే అగస్త్య నక్షత్రం. అరేబియాలో వేసవి చివర తెల్లవారుజామున సుహేల్ కనిపిస్తే ఎండలు తగ్గుముఖం పట్టినట్టు. ఖురాన్‌లో సూరా నజ్మ్‌లో పేరు పెట్టి చెప్పిన నక్షత్రం షిఅరా. ఇంగ్లిష్‌లో సిరియస్, ఆటలో కూడా ఉంది.

నక్షత్రం పేరు ఉన్న పిల్లలు మనింట్లోనే ఉన్నారు. తమ పేరు ఆకాశంలో ఎక్కడుందో వాళ్లలో ఎందరికి చూపించాం?

ఫిసల్‌బండ టెలిస్కోప్

ఇక్కడి దాకా చదివి, ‘సుబ్‌హానల్లా, అంతా మనదే’ అని ఛాతీ విరుచుకునేవాళ్లు ఉంటారు. కొంచెం ఆగాలి. అల్-సూఫీ రోజులకీ మనకీ మధ్య వెయ్యేళ్లున్నాయి. సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్ అనే తైమూరీ సుల్తాన్ 1420లలో పెద్ద అబ్జర్వేటరీ కట్టించాడు. 1437లో పూర్తయిన ఆయన పట్టికలో 1018 నక్షత్రాలున్నాయి. 1449లో కన్న కొడుకే ఆయన్ని చంపించాడు. అబ్జర్వేటరీ మట్టిలో కలిసింది. ఎక్కడుందో కూడా జనం మరిచిపోయారు. 1908లో వ్యాత్కిన్ అనే రష్యన్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వితే గానీ బయటపడలేదు.

అదే 1908లో హైదరాబాద్‌లో ఇంకో పని జరిగింది. నవాబ్ జఫర్ జంగ్ అనే జాగీర్దారుకి ఆస్మాన్ అంటే షౌఖ్. ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ కొని, 1901లో ఫిసల్‌బండలోని తన జాగాలో అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన ఇంతిఖాల్ తర్వాత 1908లో దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుంది. నిజామియా అబ్జర్వేటరీ అలా మొదలైంది. తర్వాత బేగంపేటకి మారింది, 1919లో ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది.

అప్పట్లో పారిస్ నుంచి ఒక అంతర్జాతీయ పని నడుస్తుండేది. ఆస్మాన్ మొత్తాన్ని పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని ఒక్కో అబ్జర్వేటరీకి ఇచ్చి, గాజు పలకల మీద ఫోటోలు తీయించి, నక్షత్రాల స్థానాలు కొలిపించడం. చిలీ దేశపు సాంటియాగో చేయలేకపోయిన పట్టీ హైదరాబాద్‌కి వచ్చింది. అది పూర్తిచేశాక జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన ఇంకో పట్టీ కూడా వచ్చింది. చీకటి గదిలో పలక పెట్టి, సూక్ష్మదర్శినిలో చూస్తూ, ఒక్కో చుక్క అడ్డం ఎంత, నిలువు ఎంత అని చేత్తో కొలిచి రాయడం. ఒకటి కాదు, రెండు కాదు, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు. పన్నెండు సంపుటాలు. పోకాక్ అనే ఇంగ్లిష్ డైరెక్టర్ కాలంలో ఊపందుకున్న ఈ పనిని టి.పి. భాస్కరన్ ముందుకు నడిపించాడు, తర్వాత అక్బర్ అలీ డైరెక్టర్ అయ్యాడు. భారత ఖగోళ శాస్త్రంలో పెద్ద పేరైన వేణు బప్పు నాన్న ఈ అబ్జర్వేటరీలోనే పనిచేశాడు. బప్పు నిజాం కాలేజీలో చదివాడు, తర్వాత అంతర్జాతీయ ఖగోళ సంఘానికే అధ్యక్షుడయ్యాడు.

ఆ పని వృథా పోలేదు. 2000లో యూరప్ ఉపగ్రహం కొలతలతో 25 లక్షల నక్షత్రాల టైకో-2 పట్టిక తయారైంది. ఒక నక్షత్రం ఎటు, ఎంత వేగంగా జరుగుతోందో తెలియాలంటే ఇవాళ ఎక్కడుందో చూస్తే చాలదు, నూరేళ్ల కింద ఎక్కడుండేదో కూడా తెలియాలి. ఆ పాత లెక్క కోసం గాజు పలకల పట్టికలనే తెరిచారు. వాటిలో హైదరాబాద్ సంపుటాలున్నాయి.

హైదరాబాద్ కొలిచిన నక్షత్రాలకి పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. వాటిని కొలిచిన గుమాస్తాల పేర్లూ మనకి తెలియవు. ఇవాళ బేగంపేటలో ఆ జాగాకి ‘నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్’ అనే చిరునామా ఉంది. అక్కడ ఇప్పుడు నడుస్తున్నది ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ. సమర్‌ఖండ్ కథ అంత దూరంలో ఏమీ లేదు. మన బస్ రూట్లోనే ఉంది.

ఫఖ్ర్, మెహనత్

మన పిల్లలకి రెండు రకాల మాటలు వినపడుతుంటాయి. బయట కొందరు, ‘మీవాళ్లు ఏం చేశారు? కత్తులు పట్టుకుని రావడం తప్ప’ అంటారు. ఈ మాట చదువుకునే చోట కూడా పిల్లల చెవిన పడుతోంది. ఇంట్లో వాట్సాప్‌లో ఇంకో మాట తిరుగుతుంటుంది: ‘సైన్స్ అంతా మనమే కనిపెట్టాం, దొంగిలించి తీసుకుపోయారు’. మొదటి మాట అబద్ధం. రెండో మాట ఆ అబద్ధానికి మందు కాదు. అది విన్న పిల్లాడు ఇంకేం నేర్చుకోనక్కర్లేదనుకుని ఫోన్ పక్కన పడేసి నిద్రపోతాడు.

పేర్ల తారీఖ్ చెప్పేది ఇంకోలా ఉంది. అల్-సూఫీ యునానీ పుస్తకం తీసుకుని తన కళ్లతో సరిచూశాడు. ఖ్వారిజ్మీ హిందుస్తాన్ అంకెలు తీసుకుని, ఎక్కడివో చెప్పి మరీ రాశాడు. టోలెడోలో గెరార్డ్ అరబీ నేర్చుకుని తన భాషకి తీసుకుపోయాడు. బేగంపేటలో మలయాళీ, తెలుగు, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఒకే గదిలో చుక్కలు కొలిచారు. ప్రతి ఒక్కరూ ముందువాడి దగ్గర తీసుకున్నారు, తమ మెహనత్ కలిపారు, తర్వాతివాడికి ఇచ్చారు. కలపడం మానేసిన రోజున విరాసత్ ఒట్టి చిరునామాగా మిగులుతుంది.

అందుకే ఆట ఆడొద్దని నేను పిల్లలకి చెప్పను. మా అన్న కొడుకు ఒక రాత్రి రసల్‌హేగ్ దగ్గర ఓడ ఆపి, ‘చాచా, ఇందులో రఅస్ ఉంది కదా?’ అని వాడే అడిగాడు. నాకు ఆ ముప్పై గంటల్లో దొరికిన అన్నిటికంటే మంచి వస్తువు ఆ సవాల్. వెయ్యి గ్రహాల్లో ఒక్క పేరు దగ్గర ఆగి, ఇదెక్కడిది అని అడిగేవాడికి ఆస్మాన్ ఖాళీగా ఉండదు.

సెప్టెంబర్ నెలలో ఆకాశం తేటగా ఉంటే ఒక పని చేయండి. ఇషా నమాజ్ అయ్యాక ఎనిమిదింటికి పిల్లల్ని తీసుకుని మిద్దె ఎక్కండి. దాదాపు నడినెత్తిన, కాస్త దక్షిణంగా మెరిసేది ఆల్టెయిర్, ఎగిరే గద్ద. అక్కడి నుంచి ఉత్తరానికి, కొంచెం పడమరగా చూస్తే ఇంకా ప్రకాశంగా వేగా, వాలే గద్ద. పదిన్నర దాటాక తూర్పున చిన్న గుత్తిగా సురయ్యా లేస్తుంది, ఒక గంటలో దాని వెనకే ఎర్రగా దబరాన్. సుహేల్ కావాలంటే ఫజర్‌కి ముందే లేవాలి. దక్షిణం వైపు కింద, ఎదురింటి నీళ్ల ట్యాంకు అడ్డం రాకపోతే, కనిపిస్తాడు.